పోపుల పెట్టెలో తుపాకీ మరలు

వసారాలో నులకమంచం మీద తెల్ల పంచె పరిచి ఉంది. దాని మీద తుపాకీ. పక్కన కిరసనాయిలు సీసా, చిన్న డబ్బాలో గన్ ఆయిలు, రెండు పాత పళ్ళబ్రష్షులు, మా తాతయ్య ధోవతి చింపి కత్తిరించిన గుడ్డపేలికలు, ఒక స్టీలు పోపుల పెట్టె. పెట్టెలో ఆవాల్లేవు, జీలకర్ర లేదు. పెద్దమ్మ కడిగి ఎండబెట్టి ఇచ్చిన ఏడు గిన్నెలు ఖాళీగా ఉన్నాయి.

"మర విప్పిన వెంటనే గిన్నెలో పడాలి. ఏ మర ఏ గిన్నెలో వేశావో నోటితో పైకి చెప్పాలి. చెబితేనే గుర్తుంటుంది" అన్నాడు మావయ్య.

మావయ్య మాకు చుట్టం కాదు. పక్క ఊరాయన. సైన్యంలో చేసి వచ్చాక చాలా ఏళ్ళు ఒక బ్యాంకు దగ్గర తుపాకీ పట్టుకుని నిలబడ్డాడు. చందర్లపాడు చుట్టుపక్కల లైసెన్సు తుపాకీ ఉన్న ఇళ్ళవాళ్ళంతా ఆయన్ని మావయ్యా అనే పిలుస్తారు. ఎందుకంటే ఎన్నికలైపోయి తుపాకులు ఇళ్ళకు తిరిగొచ్చాక వాటిని విప్పి, తుడిచి, మళ్ళీ బిగించేది ఆయనే. డబ్బు తీసుకోడు. భోజనం మాత్రం పెట్టాలి.

ఇది 2024 జూన్ ఆఖరి మాట. ఆ ఏడు మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది. కోడ్ వస్తే లైసెన్సు తుపాకులు డిపాజిట్ చేయమని కబురొస్తుంది. పెదనాన్న తుపాకీని గోనెపట్టాలో చుట్టి, లైసెన్సు పుస్తకం జేబులో పెట్టుకుని వెళ్ళి అప్పగించి రసీదు తెచ్చుకున్నాడు. మే 13న పోలింగు, జూన్ 4న లెక్కింపు. తుపాకీ ఇంటికొచ్చేసరికి తొలకరి పడింది. ఎండాకాలమంతా నూనె చుక్క లేకుండా ఎండి, తొలివానల గాలికి చెమ్మగిల్లిన ఇనుము ఎలా ఉంటుందో చేలో వదిలేసిన నాగలి కర్రును చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. గొట్టం మీద అక్కడక్కడా పెసరగింజంత ఎర్రటి మచ్చలు. పంపు చెక్క కదలడానికి మొరాయిస్తోంది. పెదనాన్న ఆ మచ్చల మీద బొటనవేలు పెట్టి చాలాసేపు అలాగే కూర్చున్నాడు. ఆయనకు డెబ్భై దాటింది. ఈ తుపాకీ ఆయనకు వాళ్ళ నాన్న నుంచి వచ్చింది.

ఈ కథనం ఆ రోజు గురించి. ఒక పాత యంత్రాన్ని విప్పి, తుడిచి, తిరిగి బిగించడానికి పట్టిన ఏడు గంటల గురించి. తుపాకీ అంటే పేల్చడమే అనుకునేవాళ్ళకు ఇందులో చప్పుడేమీ దొరకదు. నాకు మాత్రం ఆ రోజు నుంచి ఒక నమ్మకం కుదిరింది: తుపాకీని విప్పడం రాని చేతికి తుపాకీ ఇవ్వకూడదు.

పంపు తుపాకీ అంటే

మన ఊళ్ళలో లైసెన్సు తుపాకీ అనగానే గుర్తొచ్చేది ఒంటి గొట్టందో జంట గొట్టాలదో. మధ్యలో విరిచి, తూటా పెట్టి, మూసి పేల్చేవి. పెదనాన్నది ఆ రకం కాదు. గొట్టం కింద ఇంకో సన్నటి గొట్టం, దాని చుట్టూ గాళ్ళు పడ్డ చెక్క పిడి. ఆ పిడిని వెనక్కి లాగితే కాలిన డొల్ల ఎగిరి పక్కకు పడుతుంది. ముందుకు తోస్తే కింది గొట్టంలోని తూటా పైకెక్కి కూర్చుంటుంది. పత్తిచేలో మందు కొట్టే చేతిపంపు తెలిసిన ఊరు కాబట్టి దీనికి పంపు తుపాకీ అనే పేరు సునాయాసంగా అతికింది.

రకం పన్నెండు బోరు. ఈ పన్నెండు ఎక్కడిదని చిన్నప్పటి నుంచీ నాకు సందేహం. అంగుళాలూ కాదు, మిల్లీమీటర్లూ కాదు. ఒక పౌను సీసాన్ని, అంటే దాదాపు 454 గ్రాములను, సమంగా పన్నెండు గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో ఆ గొట్టం రంధ్రం అంత. లెక్క కడితే 18.5 మిల్లీమీటర్లు. పదహారు గుండ్లు పోస్తే పదహారు బోరు. అందుకే అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. కంసాలి తూకంలాంటి ఈ కొలత ఇంకా బతికే ఉంది.

తయారీ విన్‌చెస్టర్, 1897 మోడలు. గీసినవాడు జాన్ బ్రౌనింగ్, అమెరికాలో యూటా రాష్ట్రం ఆగ్డెన్ ఊరివాడు, తుపాకులు చేసేవాళ్ళ ఇంట పుట్టినవాడు. పంపు పద్ధతి ఆయనకంటే ముందే ఉంది. క్రిస్టఫర్ స్పెన్సర్ 1880లలోనే అలాంటిది చేశాడు. బ్రౌనింగ్ మొదట 1893లో ఒకటి ఇచ్చాడు. అప్పటికి పాత నల్ల తుపాకిమందు పోయి పొగరాని మందు వస్తోంది. ఆ కొత్త మందు ఒత్తిడికి తగ్గట్టు గట్టిచేసి మలిచిందే 1897 మోడలు. 1957 దాకా, అరవయ్యేళ్ళపాటు, పది లక్షలకు పైగా చేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు దీని పొట్టి రకాన్ని కందకాల్లో వాడితే, అది అనవసరపు బాధ పెట్టే ఆయుధమని 1918 సెప్టెంబరులో జర్మనీ ప్రభుత్వం అధికారికంగా నిరసన తెలిపింది. అమెరికా ఒప్పుకోలేదు. యుద్ధం మరో రెండు నెలల్లో ముగిసింది. పెదనాన్న దగ్గరున్నది ఆ కందకాల తుపాకీ కాదు. పొడుగు గొట్టం ఉన్న పొలం తుపాకీ.

మావయ్య బ్యాంకులో మోసింది మన దేశపు పంపు తుపాకీ. తిరుచిరాపల్లి ఆయుధ కర్మాగారంలో తయారైంది. ఆ కర్మాగారం 1966లో మొదలైంది. 2021 అక్టోబరు 1న ఆయుధ కర్మాగారాల పాత బోర్డును రద్దుచేసి ఏడు ప్రభుత్వ కంపెనీలు చేశాక కాన్పూరు కేంద్రంగా ఉన్న కంపెనీ కిందికి వెళ్ళింది. ఏటీఎంలకు డబ్బు తీసుకెళ్ళే వ్యాన్ల పక్కన గార్డుల చేతుల్లో మనం రోజూ చూసేవాటిలో ఆ రకం కూడా ఉంటుంది.

"నాదాంట్లో గుర్రం లోపలుండేది, కనపడదు. దీనికి బయటుంది చూడు" అంటూ మావయ్య, తుపాకీ యంత్రమంతా ఇమిడే రిసీవరు వెనక ముక్కులా పైకి లేచిన ఇనప ముక్కను చూపించాడు. ఇంగ్లీషులో హ్యామర్ అనేదాన్ని మన పాతవాళ్ళు గుర్రం అన్నారు. గుర్రం పూర్తిగా వెనక్కి లాగి ఉంటే పేలడానికి సిద్ధం. సగం లాగి ఉంటే బందోబస్తు. తుపాకీ ఏ స్థితిలో ఉందో దూరం నుంచే చూసి చెప్పొచ్చు. ఈ మోడలుకు వేరే సేఫ్టీ మీట లేదు. అలాగే ఒక ప్రమాదమూ ఉంది. ట్రిగ్గరు నొక్కిపట్టి పంపు ముందుకు తోస్తే తూటా ఎక్కీ ఎక్కగానే పేలిపోతుంది. తర్వాత వచ్చిన తుపాకుల్లో దీన్ని ఆపే భాగం పెట్టారు. ఇందులో లేదు. పాత తుపాకీని పట్టుకునేవాడికి మొదట చెప్పాల్సింది దాని గొప్ప కాదు, ఈ సంగతి.

ఈ మెట్టలో తుపాకీ ఎందుకు

చందర్లపాడు ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో ఉంది, 2022 ఏప్రిల్ నుంచి. జనం నోట మాత్రం ఇంకా కృష్ణా జిల్లా మెట్టే. ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క మునేరు, నడుమ నల్లరేగడిలో పత్తి, మిరప, మొక్కజొన్న, కంది. జగ్గయ్యపేట దాటితే ఒకప్పుడు నైజాం. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం మీదికి వెళ్ళిన సైన్యంలో ఒక దళం విజయవాడ వైపు నుంచే కోదాడ, సూర్యాపేట దారి పట్టింది. తెలంగాణ సాయుధ పోరాటం నాటి కథల్లో భర్మారు అనే మాట వినపడేది. మూతి నుంచి మందూ గుండూ దట్టించి పేల్చే నాటు తుపాకీ అది. సరిహద్దు ఊళ్ళలో ఆ తరంవాళ్ళకు తుపాకీ చప్పుడు కొత్త కాదు.

చట్టం దారి వేరు. 1878 ఆయుధాల చట్టంతో తెల్లదొరలు మనవాళ్ళ చేతుల్లో లైసెన్సు లేని తుపాకీ లేకుండా చేశారు. స్వతంత్రం వచ్చాక 1959లో మన పార్లమెంటు కొత్త చట్టం చేసింది. ఇప్పటికీ నడిచేది అదే. అందులో 13వ సెక్షన్ చదివితే ఒక పల్లెటూరు కళ్ళముందు కదులుతుంది. ఆత్మరక్షణకో ఆటకో గొట్టం 20 అంగుళాలకు తగ్గని నునుపు బోరు తుపాకీ, నిజంగా పంట కాపలా కోసమైతే మూతి నుంచి దట్టించే తుపాకీ. ఇవి అడిగేవాడి సంగతి ఆ సెక్షన్ ప్రత్యేకంగా చెబుతుంది. చట్టం రాసినవాళ్ళకు మంచె మీద రాత్రంతా మేలుకునే రైతు గుర్తున్నాడు.

తాతయ్య ఈ తుపాకీని కృష్ణా జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండగా, అంటే 1953కు ముందు, మద్రాసులో పాతదే కొన్నాడని ఇంట్లో అంటారు. కాయితం లేదు కాబట్టి ఏ ఏడాదో చెప్పలేను. ఆయన దాన్ని మంచె మీదికి తీసుకెళ్ళేవాడు. గాలిలోకి ఒక్కటి పేలిస్తే చేలో పడ్డ అడవిపందుల గుంపు ఏటి ఒడ్డు దాకా పరుగెత్తేది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక పందిని కొట్టడానికి అనుమతి కావాలి. మంచిదే. మొక్కజొన్న చేలో తెల్లారేసరికి నేలమట్టమైన సాళ్ళు చూసిన రైతు దుఃఖం కూడా నిజమే. ఈ రెండు నిజాల మధ్య తుపాకీ మెల్లగా చేను వదిలి బీరువాలోకి చేరింది. పెదనాన్న దాన్ని పేల్చి పాతికేళ్ళు దాటింది. పేల్చకపోయినా తుడవాలి. పేల్చని తుపాకీకే తుప్పు ఎక్కువ. అప్పుడప్పుడూ పేల్చేవాడు ఆ వంకనైనా తుడుస్తాడు గదా.

విప్పడం

"ముందు కళ్ళు, తర్వాత వేలు" అన్నాడు మావయ్య. పంపు వెనక్కి లాగి, గొట్టం మొదట్లో తూటా కూర్చునే గది ఖాళీగా ఉందో లేదో కంటితో చూశాడు. చిటికెనవేలు పెట్టి తడిమాడు. కింద తూటాలుండే సన్నటి గొట్టంలోకీ, అంటే మ్యాగజైనులోకీ, వేలు పోనిచ్చి చూశాడు. తర్వాత నాకిచ్చి నన్నూ అదే చేయమన్నాడు, పెదనాన్ననూ చేయమన్నాడు. ముగ్గురం చూసిందాకా స్క్రూడ్రైవరు ముట్టనివ్వలేదు. తూటాలు అసలు ఆ వసారాలోనే లేవు. లోపల బీరువాలో తాళం వేసి ఉన్నాయి. అయినా అంతే.

రిసీవరు అడుగున నంబరుంది. గొట్టం మొదట్లోనూ అదే నంబరు. లైసెన్సు పుస్తకం తెరిచి మూడూ కలిపి చదివాం. గొట్టం విడిపోయే రకం కాబట్టి రెండు చోట్లా నంబరు కొట్టారు. ఎక్కడో ఎవరి గొట్టమో ఎవరి తుపాకీకో కలవకుండా.

ఈ మోడలులో నాకు బాగా నచ్చింది గొట్టం విడిపోయే తీరే. మ్యాగజైను గొట్టం చివర చిన్న పిన్ను ఉంటుంది. దాన్ని ఒక పక్కకు నొక్కితే రెండో పక్కన బయటికొచ్చి పిడిలా అందుతుంది. అది పట్టుకుని మ్యాగజైనును పావు చుట్టు తిప్పి ముందుకు లాగాలి. తర్వాత పంపు చెక్కను ముందుకు జరపాలి. ఇప్పుడు గొట్టాన్ని ఒక చేత్తో, రిసీవరును ఇంకో చేత్తో పట్టుకుని పావు చుట్టు తిప్పితే తుపాకీ రెండు ముక్కలు. పనిముట్టు అక్కర్లేదు. మరచుట్లు గుండ్రంగా అంతటా ఉండవు, మధ్యమధ్యలో కోసేసి ఉంటాయి. అందుకే పావు చుట్టుకే బిగుస్తుంది, పావు చుట్టుకే వదులుతుంది. మన సీసా మూతలు ఇంత తెలివిగా ఉంటే ఎంత బాగుండు.

మామూలుగా ఇంటివాళ్ళు ఇక్కడితో ఆగితే చాలు. గొట్టం తుడిచి, రిసీవరు లోపల బ్రష్షు ఆడించి నూనె రాస్తే ఏడాదికి సరిపోతుంది. మా తుపాకీ పంపు మొరాయిస్తోంది కాబట్టి లోపలికి వెళ్ళక తప్పలేదు. భుజానికి ఆన్చే బట్టు చెక్క వెనకనున్న పలక విప్పితే లోపల పొడుగు బోల్టు. అది వదిలితే చెక్క జారి వచ్చేసింది. ఆ తర్వాతే అసలు పరీక్ష. పక్కలకున్న చిన్న మరలు.

ఈ మరల తలల మీద గాడి వెంట్రుకంత సన్నగా ఉంటుంది. ఇంట్లో ఫ్యాను బిగించే స్క్రూడ్రైవరు మొన దానిలో సగమే దిగుతుంది. బలవంతం చేస్తే జారి గాడి అంచు చిట్లి, తల చెడి, పక్కనున్న ఇనుము మీద గీత పడుతుంది. పాత తుపాకీని చూసి దాన్ని ఎవరెవరు విప్పారో మరల తలలే చెబుతాయన్నాడు మావయ్య. ఆయన తన స్క్రూడ్రైవర్లను ఒక్కో గాడికి సరిపోయేలా ఆకురాయి మీద అరగదీసి, గుడ్డసంచిలో గళ్ళు కుట్టి పెట్టుకున్నాడు. రెండు మరలు కదల్లేదు. చుక్క నూనె వేసి వదిలేశాం. పెద్దమ్మ టీ ఇచ్చింది. తాగి వచ్చి చూస్తే ఒకటి కదిలింది. రెండోది మధ్యాహ్నం భోజనం అయ్యాక కదిలింది. దాన్ని తొందరపెట్టనందుకు ఇప్పటికీ సంతోషంగా ఉంది.

క్యారియర్ అనే భాగం బయటికొచ్చింది. తూటాను కింది నుంచి పైకెత్తే తొట్టి. పంపు వెనక్కి లాగినప్పుడు తుపాకీ పొట్ట కింద నుంచి దిగేది అదే. పైకి లేచి, తూటా వెనక మూతలా నిలిచే బోల్టును బిగించి తాళంలా పట్టి ఉంచేదీ అదే. ఎత్తేదీ అదే, తాళమూ అదే. బ్రౌనింగ్ బుర్రకు అక్కడ దణ్ణం పెట్టాలనిపించింది. దాన్ని పంచె మీద పెట్టి చూస్తే లోపలి మలుపులో నల్లగా, జిగురుగా, చింతపండు గుజ్జులా ఏదో పేరుకుని ఉంది.

"కొబ్బరినూనె" అన్నాడు మావయ్య వాసన చూసి.

పెదనాన్న తల దించుకున్నాడు. గన్ ఆయిలు దొరకని రోజుల్లో ఇంట్లో ఉన్నదే రాశాడు. కొబ్బరినూనె ఆ రోజుకు మెరుపిస్తుంది. కాలం గడిచేకొద్దీ చిక్కబడి, దుమ్ము పట్టి జిగురవుతుంది. పంపు మొరాయించడానికి కారణం తుప్పు కాదు. ఇదే.

తుడవడం

కిరసనాయిలులో నానబెట్టిన భాగాలను పళ్ళబ్రష్షుతో రుద్దుతుంటే గిన్నెలో ద్రవం టీ రంగుకు, తర్వాత కాఫీ రంగుకు తిరిగింది. గిన్నె మూడుసార్లు మార్చాం. వసారాలో గాలి ఆడాలి, పక్కన దీపం, పొయ్యి, బీడీ ఉండకూడదు. మావయ్య ఆ రోజు బీడీలు ఇంట్లోనే పెట్టి వచ్చాడు.

గొట్టాన్ని తూటా పెట్టే వైపు నుంచే తుడవాలి. మూతి వైపు నుంచి కడ్డీ తోస్తే మూతి అంచు అరుగుతుంది, మురికంతా లోపలికి చేరుతుంది. మొదట కిరసనాయిలు తడిపిన గుడ్డ, తర్వాత కంచు బ్రష్షు, తర్వాత పొడిగుడ్డ, ఆఖరున నూనెగుడ్డ. సైన్యంలో కడ్డీకి బదులు తాడు లాగేవారు, పుల్‌త్రూ అంటారు. మావయ్య గుడ్డపేలికను ఇప్పటికీ చిండీ అనే అంటాడు, బారకాసుల హిందీ.

ఒకప్పటి తూటాల గురించి ఒక మాట చెప్పాలి. పాత తూటాల అడుగున నిప్పు రవ్వ పుట్టించే మందులో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది కాలాక పొటాషియం క్లోరైడు మిగులుతుంది. మనం తినే ఉప్పుకు తోబుట్టువులాంటిది. ముసురుపట్టిన రోజున జాడీలో ఉప్పు నీరుకారడం ఏ ఇంట్లోనైనా చూసేదే. గొట్టంలో మిగిలిన ఆ ఉప్పు కూడా అలాగే గాలిలో చెమ్మను పట్టి లాగుతుంది, కింద ఇనుమును తినేస్తుంది. ఉప్పును నూనె కరిగించలేదు, నీళ్ళే కరిగించాలి. అందుకని ఆ రోజుల్లో తూటా కాల్చిన రాత్రే గొట్టంలో సలసల కాగే నీళ్ళు పోసి, ఆరబెట్టి, ఆ పైన నూనె రాసేవారు. తాతయ్య మంచె దిగొచ్చి, ఎంత రాత్రయినా నాయనమ్మ చేత నీళ్ళు కాగబెట్టించేవాడని ఇంట్లో చెప్పుకునే కథకు అర్థం నాకు ఆ రోజు దొరికింది. చలికి ఒళ్ళు కడుక్కోవడానికి అనుకునేవాణ్ణి.

తుడిచిన గొట్టాన్ని ఆకాశం వైపు ఎత్తి ఒక కంటితో చూడమన్నాడు. అటు చివర వాన వెలిసిన తెల్లటి ఆకాశం రూపాయి బిళ్ళంత. అక్కడి నుంచి నా కంటి దాకా వెలుగు ఉంగరాలు ఒకదానిలో ఒకటి. గొట్టానికి ఎక్కడైనా సొట్ట ఉంటే ఆ చోట ఉంగరం వంకర పోతుంది. మా గొట్టంలో ఉంగరాలన్నీ గుండ్రంగా ఉన్నాయి. మూతికి జానెడు ఇవతల మాత్రం మసూచి మచ్చల్లాంటి చిన్న గుంటలు. అవి పోవు. పోగొట్టాలని చూడకూడదు కూడా, గొట్టం పలచబడుతుంది. ఉన్నవి ఉన్నట్టు ఉంచి కొత్తవి రాకుండా చూసుకోవాలి.

పైమచ్చల సంగతి సున్నితం. తుపాకీ ఇనుము మీద నీలి నలుపు పూత ఉంటుంది. రంగు కాదది. అదీ ఒక రకం తుప్పే. ఇనుమును పనిగట్టుకుని, అదుపులో ఉంచి ఆక్సైడుగా మారుస్తారు. ఎర్ర తుప్పు పొరలు పొరలుగా ఊడి కింది ఇనుమును తింటుంది. ఈ నల్ల ఆక్సైడు పలచగా అంటిపెట్టుకుని నూనెను పట్టి ఉంచుతుంది. గరుకు కాయితం వేస్తే ఎర్రదాంతో పాటు నల్లదీ పోతుంది. అందుకే అతి సన్నటి స్టీలు ఉన్నిని నూనెలో ముంచి, పసిపిల్ల బుగ్గ తుడిచినట్టు, ఒక్కో మచ్చ మీద గుండ్రంగా తిప్పాం. పెసరగింజలు పోయి వాటి కింద బూడిద రంగు చుక్కలు మిగిలాయి. పెదనాన్న ఆ పని ఎవరికీ ఇవ్వలేదు. కళ్ళద్దాలు సరిచేసుకుంటూ రెండు గంటలు తానే చేశాడు. చెక్కకు అవిసె నూనె రెండు చుక్కలు అరచేతిలో వేసి, చెయ్యి వెచ్చబడేదాకా రుద్దాడు. వాల్నట్ చెక్కలో బూజు కింద దాగిన చార పైకి తేలింది.

బిగించడం

విప్పిన వరసకు తిరగవరస. వినడానికి అంతే. చేతులు మాత్రం ఆరు కావాలనిపిస్తుంది. క్యారియర్ పెట్టాలి, దాన్ని పట్టుకునే పిన్ను దూర్చాలి, పిన్ను కదలకుండా మర బిగించాలి, అదే సమయంలో స్ప్రింగు ఎగరకుండా వేలితో ఒత్తి ఉంచాలి. ప్రతి భాగానికీ పలచటి నూనె, అగ్గిపుల్ల మొనతో పెట్టినంత. ఎక్కువైతే అదే మళ్ళీ దుమ్ము పడుతుంది.

సాయంత్రం నాలుగున్నరకు తుపాకీ ఒకటయింది. మావయ్య డమ్మీ తూటాలు తీశాడు. ఎర్ర ప్లాస్టిక్‌వి, మందు లేనివి. అసలు తూటాలతో పరీక్షించడం ఆయన ఒప్పుకోడు. ఒకటి మ్యాగజైనులోకి తోసి పంపు ఆడించాడు. సరకమని ఎక్కింది. రెండోది సగంలో అడ్డం తిరిగి ఇరుక్కుంది. తీసి మళ్ళీ వేశాడు. మళ్ళీ అంతే.

నేను పోపుల పెట్టె మూత తీశాను. ఆరు గిన్నెలు ఖాళీ. జీలకర్ర గిన్నెలో ఒక్క మర.

విప్పేటప్పుడు "తూటాకు దారి చూపే పట్టీ, జీలకర్ర" అని నేనే పైకి చెప్పాను. బిగించేటప్పుడు ఎదురుగా ఉన్నా చూడలేదు. మర లేని పట్టీ లోపల వదులుగా వేలాడి తూటాను పక్కకు తోస్తోంది. ఆ రోజు డమ్మీ కాబట్టి సరిపోయింది. ఆ మాట మావయ్య అనలేదు. మళ్ళీ గొట్టం విడదీసి, క్యారియర్ దించి, మర బిగించడానికి ముప్పావుగంట పట్టింది. ఆ ముప్పావుగంటా ముగ్గురం ఏమీ మాట్లాడుకోలేదు. ఈసారి ఐదు డమ్మీలు ఒకదాని వెనక ఒకటి ఎక్కి, ఐదూ పక్కకు ఎగిరి పంచె మీద పడ్డాయి. పంపు చప్పుడు మారిపోయింది. పొద్దున కరకరలాడింది, ఇప్పుడు పట్టుచీర మడత విప్పినట్టుంది.

ఇవన్నీ ఇంటివాడు చేసుకోదగ్గ శుభ్రం పనులు. భాగం విరిగితే, గొట్టం పగిలితే, గుర్రం సగంలో నిలవకపోతే ఇంట్లో ముట్టకూడదు. మరమ్మతుకూ లైసెన్సు ఉండాలి, అది ఉన్నవాళ్ళ దగ్గరికే తీసుకెళ్ళాలి. పెళ్ళిళ్ళలో గాలిలోకి పేల్చే సరదా ఎవరికైనా ఉంటే, ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత అది రెండేళ్ళ దాకా జైలో, లక్ష దాకా జరిమానానో, రెండూనో పడే నేరమని కూడా తెలిసి ఉండాలి.

ఆ సవరణే ఒక్కొక్కరు ఉంచుకోదగ్గ తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించింది, లైసెన్సు గడువును మూడేళ్ళ నుంచి ఐదేళ్ళు చేసింది. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్సుదారుకు డెబ్భై ఏళ్ళు నిండినా, తుపాకీ పాతికేళ్ళు తన దగ్గరున్నా, బతికుండగానే వారసుడి పేరుకు మార్చమని అడగొచ్చు. వారసుడికి అర్హత ఉందో లేదో అధికారులు చూస్తారు. పెదనాన్నకు రెండు లెక్కలూ కుదిరాయి. కొడుకు హైదరాబాదులో అపార్టుమెంటులో ఉంటాడు, నాకొద్దు నాన్నా అన్నాడు. కూతురు, మా అక్క, నందిగామలో టీచరు. ఆవిడ ఆ సాయంత్రం స్కూలు నుంచి నేరుగా వచ్చింది. చీర కొంగు నడుముకు దోపుకుని మంచం అంచున కూర్చుంది.

"మావయ్యా, నేను విప్పుతాను. మీరు చూడండి" అంది.

పొద్దుపోయింది, రేపు చూద్దామన్నాడు పెదనాన్న. మావయ్య వినలేదు. తుపాకీ ఆవిడ చేతిలో పెట్టి, "ముందు కళ్ళు" అన్నాడు. అక్క పంపు వెనక్కి లాగి చూసింది. చిటికెనవేలు పెట్టి తడిమింది. మ్యాగజైనులో వేలు పెట్టింది. తండ్రికి చూపించింది. నాకూ చూపించింది. తర్వాత పిన్ను నొక్కి మ్యాగజైను తిప్పింది. మొదటిసారి తిరగలేదు. చెయ్యి తుడుచుకుని రెండోసారి పట్టుకుంది. పావు చుట్టు.

వసారాలో లైటు వేశారు. పెద్దమ్మ పోపుల పెట్టె గిన్నె ఒకటి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, పంచె మీద మళ్ళీ పెట్టేసింది.

"దీన్ని ఇక వంటింట్లోకి తేకండి. తుపాకీతోపాటే బీరువాలో పెట్టుకోండి" అంది.